మిద్దె మీది ఎండ: మన ఇళ్ళ కప్పుల కథ



ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటల వేళ మన సిమెంటు మిద్దె మీద వట్టి కాళ్ళతో నాలుగడుగులు వేయగలమా? వేయలేం. సరిగ్గా అదే వేళకు కింద ఇంట్లో ఫ్యాను గిర్రున తిరుగుతుంటుంది. లేదా కరెంటు పోయి ఊరకే వేలాడుతుంటుంది. నెత్తిమీద అంత ఎండ వృథాగా కాగుతుంటే, దాని కింద కూర్చుని మనం చెమట తుడుచుకుంటూ ఎక్కడినుంచో రావలసిన కరెంటు కోసం ఎదురుచూస్తాం. ఇది మనకు ఎట్లా సంభవించింది? మన పెద్దలు ఇదే ఎండలో ఎట్లా బతికారు? ఇప్పుడు పట్టణాల్లో చెప్పుకుంటున్న పచ్చని కప్పులు, సూర్యశక్తి పలకలు మన పల్లెటూరి ఇంటికి ఏ మేరకు పనికివస్తాయి? ఈ సంగతులు కాసేపు ముచ్చటించుకుందాం.

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో రాయల్పాడు ఉంది. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరి ఊరు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మామిడి తోటలు, రాగి, వేరుశనగ, మల్బరీ, చెరువునూ బోరునూ నమ్ముకున్న మెట్ట సీమ. ఏటా పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఎండకు మాత్రం కొదవ లేదు. ఇటువంటి సీమలో ఇల్లు కట్టేవాడు మొదట ఆలోచించవలసింది గోడ గురించి కాదు, కప్పు గురించి. రోజంతా ఎండ పడేది దానిమీదే.

పాతకాలంలో ఈ ప్రాంతంలో ముఖ్యంగా మూడు రకాల కప్పులు ఉండేవి. బీదవారిది బోదగడ్డి కప్పిన కొట్టం. కాస్త కలిగినవారిది మట్టి మిద్దె. బండ దగ్గరగా దొరికిన ఊళ్ళలో బండల మిద్దె.

ముందు మట్టి మిద్దె సంగతి చూద్దాం. కన్నడంలో దీన్నే మాళిగె అంటారు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్నని కట్టెలో వెదురు బద్దలో దగ్గర దగ్గరగా పరిచేవారు. ఆపైన వేప మండలు, తంగేడు కంప వంటివి. దానిమీద ముద్దచేసిన బంకమన్ను, పైన పొడిమట్టి. అన్నిటికన్నా పైన చౌడు. ఈ వరస ఊరూరికీ కొంత మారేది గాని మూలసూత్రం ఒకటే. ఇంట్లోకి వెలుతురు రావడానికి, పొయ్యి పొగ పోవడానికి కప్పులో ఒక గవాక్షం ఉండేది. వాన వచ్చినప్పుడు దానిమీద మూత వేసేవారు.

పొలంలో చౌడు తేలితే రైతు తల పట్టుకుంటాడు. మరి మిద్దె మీద దాన్నే ఎందుకు కోరి తెచ్చి పోశారు? ఇందులో గొప్ప తెలివి ఉంది. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. ఆ మట్టి తడిస్తే అందులోని సన్నని బంకరేణువులు విడిపోయి, మట్టిలోని సందులన్నీ మూసుకుపోతాయి. ఇక నీళ్ళు కిందికి దిగవు. పైపైనే జారి దోనె గుండా వీధిలో పడతాయి. రెండో లాభం, చౌడులో గడ్డి మొలవదు. పొలానికి శాపమైన రెండు గుణాలూ మిద్దెకు వరమయ్యాయన్నమాట.

నా చిన్నతనంలో తొలకరి జల్లు పడ్డ వారానికే మా అవ్వ నన్ను మిద్దె ఎక్కించేది. చౌడు పలచబడ్డ చోట గరిక మొలిస్తే వేరుతో సహా పీకి పారెయ్యాలి. "గడ్డి పచ్చగా ఉంది, బాగుంది కదవ్వా" అన్నాను ఒకసారి. "పైన పచ్చగా ఉంటే కింద పచ్చిగా ఉంటుంది నాయనా" అన్నది ఆమె. గడ్డి వేరు దిగిన దారినే నీరు దిగుతుందని ఆమె ఎరుక. ఇవాళ పచ్చని కప్పులు కట్టే ఇంజనీర్లు అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది కూడా ఆ వేరుకే.

ఇప్పుడు ఒక్కసారి దూరదేశం వెళ్ళి చూద్దాం. ఐరోపాకు ఉత్తరాన నార్వే అనే చలిదేశం ఉంది. అక్కడి పల్లె ఇళ్ళకు వందల ఏళ్ళుగా పచ్చగడ్డి కప్పులు ఉన్నాయి. చెక్కల మీద భూర్జవృక్షపు బెరడు పొరలు పొరలుగా పరుస్తారు. దానిమీద వేళ్ళతో సహా కోసిన గడ్డిపెళ్ళలు పేరుస్తారు. బెరడు నీటిని ఆపుతుంది. మట్టి బరువు బెరడును కదలకుండా నొక్కిపెడుతుంది, చలిని ఆపుతుంది. వారు గడ్డిని పెంచారు, మనం గడ్డిని పీకాం. కారణం, నీటిని ఆపడానికి వారికి బెరడు ఉంది, మనకు మట్టే ఆధారం. సూత్రం మాత్రం రెండుచోట్లా ఒకటే. మందమైన మట్టి వేడినీ చలినీ చప్పున లోపలికి రానివ్వదు.

1970ల తరువాత జర్మనీలో ఈ పాత పద్ధతినే శాస్త్రీయంగా తీర్చిదిద్దారు. సిమెంటు కప్పు మీద నీరు దిగని పొర, వేళ్ళను ఆపే పొర, మిగులు నీరు పోయే పొర, మట్టి కొట్టుకుపోకుండా ఒక గుడ్డ, ఆపైన తేలికపాటి మట్టి, అందులో కొద్ది నీటితో బతికే మొక్కలు. ఇప్పుడు ప్రపంచమంతా పచ్చని కప్పు అంటున్నది దీన్నే. కెనడాలోని టొరంటో నగరం 2009లో పెద్ద భవనాలకు ఇది ఉండి తీరాలని నిబంధన చేసింది.

ఇక బండల మిద్దె. కోలారు జిల్లా గ్రానైటు సీమ. బండ మీద మంట పెట్టి కాకపుట్టిస్తే పైపొర ఉబ్బి లోపలి రాతినుంచి విడివడుతుంది. దాన్ని మేకులతో, సమ్మెటతో చీల్చి, పొడుగాటి చప్పడీలుగా తీసి, గోడ మీదనుంచి గోడ మీదికి పరిచేవారు. ఆ రాతి నాడి తెలిసిన వడ్డెరల నైపుణ్యం అది. ఆ ఇళ్ళు తరతరాలు నిలిచాయి. కానీ వట్టి బండ పగలు కాగి రాత్రి సెగలు కక్కుతుంది. అందుకే చాలాచోట్ల బండల మీద కూడా మట్టి, సున్నపు గచ్చు వేసేవారు.

మరి కొట్టం మాటేమిటి? నిజానికి మన సీమలో అసలైన పచ్చని కప్పు బీదవాడి కొట్టమే. వానాకాలం రాగానే కొట్టం పక్కన సొరవిత్తో గుమ్మడివిత్తో పెట్టేవారు. తీగ బోద మీదికి పాకి, కప్పంతా ఆకులు పరుచుకునేది. పాదు నేలలో, ఆకు కప్పు మీద. కప్పుకు మట్టి బరువు లేదు, వేరు బెడద లేదు. కుండలు తోమిన నీళ్ళే పాదుకు నీళ్ళు. ఇంటికి నీడ, వంటకు కాయ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఈ కప్పులన్నిటికీ ఒక సమాన గుణం ఉంది. అవి ఊరకే ఉండేవి కావు, పనిచేసేవి. మిద్దె మీద చింతపండు ఎండేది, వేరుశనగ ఎండేది, వడియాలు ఎండేవి. రాత్రయితే ఇంటిల్లిపాదీ అక్కడే పడుకునేవారు. ఎండను వాడుకునే చోటు మిద్దె.

ఇప్పుడు కరెంటు కథకు వద్దాం. అది మన జిల్లాలోనే మొదలైందని చెప్పుకోవాలి. కోలారు బంగారు గనులను 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్ల కంపెనీ నడిపించింది. గని లోతయ్యేకొద్దీ యంత్రాలకు శక్తి ఎక్కువ కావలసివచ్చింది. ఆవిరి యంత్రాలకు కట్టెలు, బొగ్గు తెచ్చి పోయడం పెద్ద ఖర్చు. అప్పుడు మైసూరు సంస్థానం కావేరి నది మీది శివసముద్రం జలపాతం దగ్గర విద్యుత్తు పుట్టించాలని పూనుకుంది. దివాను కె. శేషాద్రి అయ్యర్ ప్రోత్సాహం, ఇంజనీరు జోలీ డి లోట్‌బినియర్ పథకం. శేషాద్రి అయ్యర్ 1901లో కన్నుమూశారు. మరుసటి ఏడు, 1902 జూన్ 30న, సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద ప్రయాణించి శివసముద్రం కరెంటు బంగారు గనులకు చేరింది. ఆ కాలానికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ తీగల్లో అది ఒకటి. బెంగుళూరు నగరానికి దీపాలు వచ్చింది 1905లో. అంటే రాజధాని కన్నా మూడేళ్ళు ముందుగా గనికి వెలుగు వచ్చింది.

ఇది మనం గర్వంగా చెప్పుకునే మాట. కాని ఈ గర్వంలో ఒక ముల్లు కూడా ఉంది. ఆ వెలుగు ముందుగా ఎవరికి? గని యంత్రాలకు, దొరల బంగళాలకు. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపునుంచి వచ్చిన కూలీలు మొదట్లో వెదురు తట్టి గోడల గుడిసెల్లో కాపురం ఉన్నారు. తరువాత కట్టిన లైను ఇళ్ళకు చాలావాటికి రేకుల కప్పే దిక్కు. భూమి లోపల మూడు కిలోమీటర్లకు పైగా లోతున వేడిలో పనిచేసి వచ్చిన మనిషి, ఇంటికి వస్తే కాగిన రేకు కింద పడుకోవాలి. ఇక జిల్లా పల్లెల సంగతి చెప్పనే అక్కరలేదు. గనికి కరెంటు వచ్చిన దశాబ్దాల తరువాత కూడా ఊళ్ళలో ఆముదపు దీపం, కిరసనాయిలు బుడ్డీయే. 1979-80 ప్రాంతంలో భాగ్యజ్యోతి పథకం కింద ఒక్క బల్బు చొప్పున బీదల ఇళ్ళకు దీపం ఇచ్చారంటే, అప్పటిదాకా ఎన్ని కొంపలు చీకట్లో ఉన్నాయో ఊహించవచ్చు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లైను ఇళ్ళలో మాత్రం మనుషులు మిగిలారు.

కరెంటు ఎక్కడో పుట్టి, మన తలల మీదుగా పోయి, ఇంకెక్కడో వెలగడం ఆనాటి కథ. ఇవాళ కూడా అది పూర్తిగా మారలేదు. తుమకూరు జిల్లా పావగడ మన వంటి తెలుగు మాట్లాడే మెట్ట తాలూకానే. అక్కడ 2018లో మొదటి దశ ప్రారంభమైన సౌర విద్యుత్ క్షేత్రం సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగింది. భూమి అమ్ముకోకుండా రైతులు కౌలుకు ఇచ్చారు. ఎకరానికి ఏటా 21 వేల రూపాయలతో ఆ కౌలు మొదలైంది. అది మెచ్చుకోదగ్గ ఏర్పాటే. అయినా పొలం మీద పుట్టే కరెంటు వేరు, మన ఇంటి మిద్దె మీద పుట్టే కరెంటు వేరు.

సూర్యకాంతి నుంచి విద్యుత్తు పుడుతుందని 1839లోనే ఫ్రాన్సు దేశపు బెకరెల్ గుర్తించాడు. కాని పనికివచ్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారుచేశారు. పడ్డ ఎండలో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే అది కరెంటుగా మార్చేది. ఇవాళ ఇళ్ళమీద పెట్టే పలకలు నూటికి సుమారు ఇరవై పాళ్ళు మారుస్తాయి. మన దేశంలో 1974లో స్థాపించిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈ ఘటాల తయారీకి నాంది పలికింది. అదే ఏడు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య ఎ. కె. ఎన్. రెడ్డి పూనికతో ‘ఆస్త్ర’ అనే విభాగం ఏర్పడింది. పల్లెటూరి పొయ్యి, పల్లెటూరి మట్టి ఇటుక పెద్ద శాస్త్రవేత్తలు ఆలోచించదగిన విషయాలేనని ఆ విభాగం చాటిచెప్పింది. 1995లో బెంగుళూరులోనే మొదలైన సెల్కో సంస్థ సోలార్ దీపాలను బ్యాంకు అప్పుతో పల్లె ఇళ్ళకు చేర్చే బాట వేసింది.

ఇంతలో మన మిద్దెలు మారిపోయాయి. దూలాలకు కలప కరువైంది. ఏటేటా చౌడు మోసే ఓపిక తగ్గింది. ఆ చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. జడివాన పడితే మట్టి మిద్దె కూలి ప్రాణాలు పోయేవి. 2021 నవంబరు వానలకు సరిహద్దుకు అటూ ఇటూ ఎన్నో పాత మట్టి ఇళ్ళు దెబ్బతిన్నాయి. కనుక సిమెంటు మిద్దె కోరుకున్నవారిని తప్పుపట్టలేం. పాతదంతా బంగారమని నేను చెప్పడం లేదు. కాని నాలుగైదు అంగుళాల సిమెంటు కప్పు వేడిని ఆపలేదు. పగలంతా తాగిన ఎండను రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది.

ఈ సంగతి పట్టుపురుగులు పెంచే ఇల్లాలిని అడగండి, ఏ ఇంజనీరు కన్నా బాగా చెబుతుంది. ఎదిగిన పురుగుకు సుమారు 24 నుంచి 26 డిగ్రీల వేడి, తగినంత చెమ్మ ఉండాలి. ఎండాకాలంలో సిమెంటు కప్పు కింద అది నిలవదు. పురుగు మేత మానేస్తుంది, రోగం తగులుతుంది, నెల్లాళ్ళ కష్టం చెత్తకుప్పలో పోయాలి. అందుకే కొందరు సిమెంటు మిద్దె మీద కొబ్బరి మట్టలు కప్పుతారు, తడి గోనెలు వేలాడదీస్తారు. అంటే కొత్త మిద్దె మీద పాత కొట్టం కడుతున్నారన్నమాట.

మరి ఇప్పుడు మనం చేయవలసింది ఏమిటి?

మొదటిది, తొందరపడి మిద్దె మీద మట్టి పోయకండి. అర అడుగు మందాన తడిమట్టి చదరపు మీటరుకు సుమారు 270 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే ఇంటి మిద్దెకు సాధారణంగా లెక్కకట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. పాత మట్టి మిద్దె ఆ బరువు మోసిందంటే దాని దూలాలు అంత లావు, గోడలు అంత మందం. నేనే ఒకప్పుడు పూలకుండీలు, మట్టి బస్తాలు మిద్దె మీద వరసగా పేర్చి, రెండో వానకే పడకగదిలో గిన్నెలు పెట్టుకున్నాను. అవ్వ మాట మరిచినందుకు అది శిక్ష. ఇంజనీరు చూసి సరేనంటేనే, నీరు దిగని పొరలు వేసిన తరువాతే, పచ్చని కప్పు.

రెండోది, బీదవాడి కొట్టం చెప్పిన పాఠం. పాదు నేలలో పెట్టండి, తీగను పందిరి మీదుగా మిద్దెకు ఎక్కించండి. బీర, సొర, అనప, చిక్కుడు ఏదైనా సరే. స్నానాల గది నీళ్ళు పాదుకు మళ్ళించండి. నీటి కరువున్న మన జిల్లాలో మిద్దె తోటకు బోరునీళ్ళు పోయడం నీడ కొనుక్కుని దాహం తెచ్చుకోవడమే. పందిరికి వీలు లేకపోతే మిద్దెకు తెల్లసున్నం పూయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించినప్పుడు ఆధారం చేసుకున్నది ఈ చిన్న సూత్రాన్నే.

మూడోది, సోలార్. ఒక కిలోవాటు పలకలకు నీడ పడని సుమారు వంద చదరపుటడుగుల చోటు కావాలి. మన సీమలో సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. పలకలు దక్షిణ ముఖంగా, సుమారు 13 డిగ్రీల వాలులో ఉండాలి. అది మన ఊరి అక్షాంశం. పలక కింద మిద్దెకు నీడ కూడా దొరుకుతుంది. పలక మరీ కాగితే దిగుబడి తగ్గుతుంది కనుక, కింద గాలి ఆడేటట్టు ఎత్తులో పెట్టించాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు అంతకు పైన 78 వేల రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. ఒక్క హెచ్చరిక. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, లైనులో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మాన్ ప్రాణం కాపాడటానికి ఆ ఏర్పాటు. ముందే తెలుసుకుని పెట్టించుకుంటే తరువాత నిరాశ ఉండదు.

"2023లో గృహజ్యోతి వచ్చి 200 యూనిట్ల దాకా ఉచితమైనప్పుడు మాకెందుకీ పలకలు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొద్దిగా కరెంటు వాడే ఇంటికి తక్షణ లాభం తక్కువే. కాని పట్టుపురుగుల షెడ్డుకు, మరమిల్లుకు, దుకాణానికి, బడికి లెక్క వేరు. ఇంటి మిద్దె తమ పేరున లేని లైను ఇళ్ళవారికి, రేకు కప్పే గతియైనవారికి ఈ సబ్సిడీ ఎట్లా అందుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 1902లో వెలుగు ముందుగా అందనివారు వారే. ఈసారి కూడా వారే వెనుకబడితే మనం చరిత్ర నుంచి ఏమీ నేర్చుకోనట్టే. బడి మిద్దె, పాలసంఘం మిద్దె, పంచాయతీ మిద్దె వంటివి అందరివీ. అక్కడ పుట్టే కరెంటు గురించి ఊరు కలిసి ఆలోచించవచ్చు.

శ్రోతలారా, మన పెద్దల మిద్దె ఎండలో పని చేసింది. మనం కట్టుకున్న మిద్దె ఎండలో ఊరకే కాగుతోంది. దానికి మళ్ళీ ఒక పని అప్పగించడమే మన ముందున్న పని. నూటపాతికేళ్ళ కిందట 147 కిలోమీటర్ల దూరం నుంచి రావలసివచ్చిన వెలుగు, ఇవాళ పది మెట్లు ఎక్కితే అందేంత దగ్గరలో ఉంది. రేపు ఉదయం ఎండ ఎక్కకముందే ఒకసారి మీ మిద్దె ఎక్కి చూడండి. నీడ ఎటు పడుతోంది, నీరు ఎటు పోతోంది, పగుళ్ళు ఎక్కడున్నాయి, తీగకు చోటెక్కడ, పలకకు చోటెక్కడ? ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెనూ అడగండి. ఆ మిద్దె సంగతి ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.